పోస్టాయనకు, ఇంకా చాలామందికి: 1995-96 పదో తరగతి బ్యాచ్ తరఫున

దసరా వెళ్లిన ఆదివారం, అక్టోబరు 5న, మన సమ్మేళనం అయిపోయింది. టెంటు విప్పేశారు. వంట గిన్నెలు తోమి అప్పజెప్పాం. గొంతులు ఇంకా తిరిగి రాలేదు, కాళ్లు పీకుతున్నాయి. అయినా ఇవాళే రాసేస్తున్నాం. రెండు రోజులు ఆగితే ఎవరెవరు ఏం చేశారో సగం మరిచిపోతాం.

అందరికంటే ముందు మన బడిలో చదవని, మనలో ఎవరికీ ఏమీ కాని ఒక పెద్దాయనకు దండం పెట్టాలి. పేరు రాయొద్దని గట్టిగా చెప్పారు కాబట్టి పోస్టాయన అనే రాస్తాం. ఆయన చేసింది అర్థం కావాలంటే మనం ఎక్కడ ఆగిపోయామో ముందు చెప్పాలి.

బ్యాచ్‌ను కూడగట్టాలనుకునేవాళ్లు చాలామంది అడ్మిషన్ రిజిస్టర్ అడుగుతారు. అది మొదటి తప్పు. అడ్మిషన్ రిజిస్టర్ చేరిన సంవత్సరం ప్రకారం నడుస్తుంది. ఆరో తరగతిలో చేరి ఎనిమిదిలో మానేసినవాళ్లు అందులో ఉంటారు, తొమ్మిదిలో వేరే ఊరి నుంచి వచ్చినవాళ్లు మరెక్కడో పేజీలో ఉంటారు. కావలసింది నామినల్ రోల్స్. పదో తరగతి పరీక్ష ఫీజు కట్టేటప్పుడు బడి నుంచి పంపే జాబితా అది. తండ్రి పేరు, పుట్టిన తేదీ, రెండు పుట్టుమచ్చలు, అన్నీ వరసగా ఉంటాయి. ఆఫీసు కాపీ ఒకటి బడిలోనే ఉండాలి. మొదట అది పట్టుకుని, ఊరి పేరు కోసం మాత్రం అడ్మిషన్ రిజిస్టర్ తిప్పాలి. టీసీ కౌంటర్‌ఫాయిళ్లు దొరికితే ఇంకా మంచిది, ఎవరు ఎప్పుడు టీసీ తీసుకున్నారో తెలుస్తుంది. (పుట్టిన తేదీలను మాత్రం నమ్మొద్దు. మన బ్యాచ్‌లో జూన్‌లో పుట్టినవాళ్లే ఎక్కువ. బడిలో వేసిన రోజు సార్లు లెక్క చూసుకుని రాసిన పుట్టుకలు అవి.)

పత్రికలో వచ్చిన ఫలితాల కట్టింగ్ పట్టుకుని కూడా మొదలుపెట్టొద్దు. అందులో పాసైన హాల్‌టికెట్ నంబర్లే ఉండేవి. ఫెయిలైనవాళ్లు ఆ కాగితంలో లేరు, ముప్పై ఏళ్లుగా ఏ జాబితాలోనూ లేరు. ఇది పాసైనోళ్ల సమ్మేళనం కాదని మొదటి మీటింగులోనే తేల్చుకున్నాం. "నేను లెక్కల్లో పోయినోణ్ణి, నన్నెందుకు పిలుస్తున్నరు" అని ఫోన్‌లో అడిగినవాళ్లు ఆరుగురు. ఆరుగురూ వచ్చారు.

ఆ నామినల్ రోల్స్ కోసం నాలుగుసార్లు తిరగాల్సి వచ్చింది. మొదటిసారి లెటర్ రాసివ్వమన్నారు. రెండోసారి లెటర్ మీద అందరి సంతకాలు కావాలన్నారు. మూడోసారి బీరువా తాళం ఉన్నాయన సెలవు. నాలుగోసారి బీరువా తెరిస్తే కింది అరలో చెదలు. ఎవరినీ తిట్టడానికి రాయడం లేదు. బడిలో అటెండర్ పోస్టు ఖాళీ, ఉన్న సార్లే గంట కొట్టుకుంటున్నారు. కానీ ఒక ఊరి పిల్లల పేర్లన్నీ ఉన్న పుస్తకాన్ని నేలకు ఆనించిన ఇనుప బీరువాలో, గోడకు తగిలేలా పెట్టి వదిలేస్తే చెదలు పట్టక ఏమవుతుంది? బీరువా కింద నాలుగు ఇటుకలు, గోడకు జానెడు ఎడం ఉన్నా సరిపోయేది. మొన్న వెళ్లినప్పుడు ఇటుకలు మేమే పెట్టి వచ్చాం. మిగిలిన పేజీలన్నీ ఫొటోలు తీసి ఒక కాపీ బడికి ఇచ్చాం.

జాబితాలో 91 పేర్లు. అబ్బాయిలు 54, అమ్మాయిలు 37. వాట్సాప్ గ్రూపు పెట్టిన పది రోజుల్లో 51 మంది దొరికారు. అందులో అబ్బాయిలు 44, అమ్మాయిలు ఏడుగురే. గల్ఫ్‌లో ఉన్నవాళ్లు అందరికంటే ముందు దొరికారు. సిరిసిల్లలో సాంచెల (మరమగ్గాల) మీద ఉన్నవాళ్లూ, భివండి పోయినవాళ్లూ ఒకరి నంబరు ఒకరు ఇచ్చారు. ఆ తర్వాత గ్రూపు ఆగిపోయింది. గుడ్ మార్నింగ్‌లు వస్తున్నాయి గానీ కొత్త పేరు రాదు.

ఆగడానికి రెండు కారణాలు. రిజిస్టర్‌లో ఆడపిల్ల అంటే తండ్రి పేరు, పుట్టిన ఊరు. పెళ్లయ్యాక ఇంటిపేరు పోయింది, ఊరు పోయింది, సిమ్ కార్డు భర్త పేరు మీద ఉంది. తల్లి పేరుకు ఆ రోజుల్లో గడి కూడా లేదు. రెండోది మన దగ్గరి గోస. రిజిస్టర్‌లో రాసి ఉన్న చింతల్‌ఠాణా, చీర్లవంచ లాంటి ఊళ్లు ఇప్పుడు మిడ్ మానేరు ప్రాజెక్టు నీళ్ల కింద ఉన్నాయి. 25 టీఎంసీల నీళ్లు. పుట్టింటికి వెళ్లి "మీ బిడ్డ ఎక్కడుంది" అని అడుగుదామంటే ఆ వాకిలే లేదు. ఊరు ఊరంతా ఆర్ అండ్ ఆర్ (పునరావాస) కాలనీలకు లేచిపోయింది. పాత ఇంటి నంబర్లు పోయి ప్లాటు నంబర్లు వచ్చాయి. పాత నంబరు చెబితే కాలనీలో ఎవరూ పట్టించుకోరు.

అప్పుడు కాలనీ కిరాణా దుకాణంలో ఎవరో అన్నారు: "పోస్టాయనను అడుగుండ్రి."

ఆయన ముంపు ఊళ్లలో గ్రామీణ డాక్ సేవక్‌గా పనిచేసి దిగిపోయారు. ఆ ఉద్యోగానికి రెగ్యులర్ పెన్షన్ లేదని మీకు తెలుసు కదా. ఇంట్లో రేకుల పెట్టె, అందులో రూళ్ల నోటుబుక్కులు రెండు. ఊరు లేచిపోయేటప్పుడు ఆయనకు వచ్చిన ఇబ్బంది ఏమిటంటే, ఉత్తరం పాత అడ్రసుకు వస్తుంది, మనిషి అక్కడ ఉండడు. తిరిగి పంపాలంటే పంపినవాళ్ల అడ్రసు ఉండాలి, దారి మళ్లించాలంటే కొత్త ప్లాటు నంబరు ఉండాలి. అందుకని ఒక్కో ఇంటికి ఒక్కో పేజీ పెట్టుకున్నారు. పైన తండ్రి పేరు, పాత ఇంటి నంబరు కొట్టేసి పక్కన కాలనీ ప్లాటు నంబరు. కింద ఆ ఇంటికి ఎక్కడెక్కడి నుంచి కవర్లు వస్తాయో ఆ అడ్రసులు.

ఆ అడ్రసుల్లో ఎక్కువ భాగం రాఖీ కవర్లవి.

దగ్గర్లో ఉన్న ఆడబిడ్డ రాఖీ పున్నానికి బస్సెక్కి వచ్చి కట్టిపోతుంది. భివండిలో, సూరత్‌లో, షోలాపూర్‌లో ఉన్నామె పోస్టులో వేస్తుంది. కవరు వెనక తన పేరు, అత్తగారి ఇంటిపేరు, వీధి, పిన్ కోడ్ రాస్తుంది. బడి రిజిస్టర్ పోగొట్టుకున్న ఆడపిల్లలు ఆ నోటుబుక్కుల్లో ఉన్నారు. మేం జాబితాలోని తండ్రుల పేర్లు చదువుతుంటే ఆయన పేజీ తిప్పి, కూతురు పేరు తనే అందుకుని చెబుతున్నారు. అయినా అడ్రసులు మా చేతికి ఇవ్వలేదు. "ఆడోళ్ల అడ్రసులు బిడ్డా, అడిగి ఇస్త" అన్నారు. ఒక్కొక్కరి అన్నదమ్ముల ఇళ్లకు తనే వెళ్లి, ఆమెకు ఫోన్ చేయించి, ఆమె సరేనన్నాకే నంబరు మాకు చేరింది. తనతో పనిచేసిన పక్క ఊళ్లవాళ్ల దగ్గరికీ జాబితా తీసుకెళ్లారు. అలా దొరికినవాళ్లు 22 మంది. ఫోన్ లేని ఇద్దరికి కార్డులు స్పీడ్ పోస్టులో పంపమని, తెలుగు అడ్రసు కింద పిన్ కోడ్ పెద్దగా రాయమని కూడా ఆయనే చెప్పారు. 2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయిందని మాకు అప్పటిదాకా తెలియదు.

ఇక సమ్మేళనానికి రెండు రోజుల ముందు, శుక్రవారం రాత్రి సంగతి. చనిపోయినవాళ్ల పేర్లతో ఫ్లెక్స్ ఒకటి ప్రింటుకు ఇచ్చాం. పది పేర్లు. తొమ్మిది దాటింది, సిరిసిల్లలో ఫ్లెక్స్ షాపాయన ఫైలు మిషన్‌లో పెడుతున్నాడు. పోస్టాయన ఆటో దిగి లోపలికి వచ్చారు, ఆయాసం. జేబులోంచి ఒక కవరు తీసి కంప్యూటర్ పక్కన పెట్టారు. "ఈ పిల్ల సచ్చిపోలే బిడ్డా. మొన్న పున్నానికి అన్నకు రాఖీ పంపింది."

మామూలు తెల్ల కవరు. అంచు చింపిన చోట ఎర్ర దారం పోగు ఒకటి ఇరుక్కుని ఉంది. వెనక తెలుగులో అడ్రసు, 421తో మొదలయ్యే భివండి పిన్. మన క్లాసులో ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్న అమ్మాయిలు ఇద్దరు. తండ్రుల పేర్లే వేరు. చనిపోయింది ఒకామె. మేం ఇద్దరినీ రాసేశాం. ఆయన సాయంత్రం జాబితా చూసి, అనుమానం వచ్చి, కాలనీలో ఆమె అన్న ఇంటికి వెళ్లి, ఆ కవరు అడిగి తీసుకుని, బస్సు దొరక్క ఆటో మాట్లాడుకుని వచ్చారు. ఆటో డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. షాపులో స్టూలు మీద కూర్చుని నీళ్లు తాగి, "పేరు తీసేసిండ్రా, సూపియ్యి" అని స్క్రీన్ మీద చూసుకున్నాకే లేచారు. అప్పటిదాకా పనుల మీద పరుగెత్తుతున్న మేం నలుగురం షాపు బయటికొచ్చి ఏడ్చాం. సిగ్గు పడాల్సిన పనేం లేదు.

బ్యాచ్‌లు కలపాలనుకునేవాళ్లకు ఒక్క మాట: పోయినవాళ్ల పేరు వేసేముందు తండ్రి పేరు, ఊరు, పోయిన సంవత్సరం, మూడూ ఇంట్లోవాళ్ల నోట విన్నాకే వేయండి. "అవును, పోయిందట" అన్నది లెక్కలోకి రాదు.

మన పదో తరగతి గ్రూపు ఫొటో గురించి చాలామంది అడిగారు కాబట్టి రాస్తున్నాం. 8 బై 12 అంగుళాల ప్రింటు అది, ఫ్రేములో అద్దానికి అతుక్కుపోయి ఉంది. అలా అతుక్కుంటే లాగొద్దు, మొహాల మీది రంగు అద్దానికే ఉండిపోతుంది. అద్దంతో సహా స్కాన్ చేయాలి. జిరాక్స్ సెంటర్లలోని సన్నటి స్కానర్లలో అద్దం మందానికి మసక వచ్చింది. ఫొటో స్టూడియోలో మూలన పడేసిన పాత బరువు స్కానర్‌లో 600 డీపీఐ పెడితే శుభ్రంగా వచ్చింది. దాన్నే 8 బై 12 అడుగుల ఫ్లెక్స్ వేయించాం. ఫొటోలో సెంటీమీటరు ఉన్న మొహం గోడ మీద అరచేయంత అయింది. ట్రేసింగ్ పేపర్ పరిచి ఒక్కో మొహం చుట్టూ గీసి నంబరు వేసుకుంటే ఎవరెవరో తేల్చడం తేలిక. పై వరసలో కుడి చివర చెయ్యి అడ్డం పెట్టుకున్నది ఎవరో ఇప్పటికీ తగువే.

ఆ ఫొటో ముందే అందరూ ఎక్కువసేపు నిలబడ్డారు. పదకొండు పేపర్లు, హిందీకి 20 వస్తే గండం గట్టెక్కినట్టే అని మొక్కులు, చివరి అరగంటలో చేతికొచ్చే బిట్ పేపర్, అడిషనల్ షీట్లకు దారం ముడి పడక వణికే వేళ్లు. రాత్రి స్టడీ అవర్లకు ఇంటి నుంచి తెచ్చుకున్న చద్దర్లు, కరెంటు పోతే బల్లల కింద నిద్ర. ఈ కబుర్లకు మైకు అవసరం పడలేదు.

సార్లు, మేడంలు పదకొండు మంది వచ్చారు. స్టేజీ వేయించొద్దని చెప్పిన ఆలోచన ఎవరిదో గానీ గొప్పది. డెబ్బై అయిదు దాటినవాళ్లు మెట్లెక్కలేరు, దిగేటప్పుడు ఇంకా కష్టం. నేల మీదే తివాచీ పరిచి, చేతులున్న కుర్చీలు వేసి, పిల్లలమే వాళ్ల దగ్గరికి వెళ్లి శాలువాలు కప్పాం. బడిలో టాయిలెట్లు రెండే, నల్లా రాదు. 500 లీటర్ల ట్యాంకు బయటి నుంచి తెప్పించాం. మనకు ఒక్క రోజు, పిల్లలకు రోజూ ఇదే. ఈ మాట రాస్తే కొందరికి కోపం వస్తుంది, రానీ.

భోజనాల దగ్గర తప్పు మాదే. 140 మందికి లెక్క వేసి, కిలోకు ఎనిమిది మంది చొప్పున 18 కిలోల బగారా, 35 కిలోల చికెన్ చేయించాం. వచ్చినవాళ్లు 170. "వస్తున్నా" అన్నవాళ్లను "ఎంతమంది" అని అడగలేదు. బగారా మళ్లీ వేయడానికి టైం లేక నాలుగు కిలోల తెల్లన్నం వండించారు వంటాయన. ఆయన మొహం చూసే ధైర్యం మాకు లేకపోయింది, కానీ ఒక్క మాట అనలేదు.

ఇళ్లలో భర్తలు, భార్యలు, పిల్లలు మూడు నెలలు మమ్మల్ని భరించారు. మీకు వేరే చెప్పాలా.

భివండి నుంచి ఆమె రాలేకపోయింది. వీడియో కాల్‌లో వచ్చింది, సిగ్నల్ మూడుసార్లు తెగింది. పోస్టాయనను ఫొటోలోకి రమ్మని పిలిస్తే చివర నిలబడ్డారు, సగమే పడ్డారు.

అయ్యో, మరిచాం: గేటు తాళం కోసం ఆదివారం పొద్దున్నే వచ్చిన వాచ్‌మన్ అన్న. మిగిలిన వాళ్లలో అయిదుగురిని పట్టిచ్చిన భివండి మిత్రులు. రాత్రి పదింటికి ఫైలు మార్చి ప్రింటు తీసి, మార్చినందుకు డబ్బులు వద్దన్న ఫ్లెక్స్ షాపాయన. స్కానర్ దుమ్ము దులిపి ఇచ్చిన స్టూడియో పెద్దాయన. ముసలి సార్లను ఇళ్ల దగ్గర దించి వచ్చిన మన బ్యాచ్ ఆటో డ్రైవర్లు ఇద్దరు. జమ్మి ఆకు తెచ్చినామె, ఎవరో తెలియదు.

ఇంకా నలుగురు దొరకలేదు. వాళ్ల తండ్రుల పేర్లు, ఊళ్లు గ్రూపులో పెట్టాం, తెలిస్తే చెప్పండి. టెంట్‌హౌస్ వాళ్ల కుర్చీలు 150లో 147 తిరిగొచ్చాయి, ఎవరి బండిలోనైనా ఉంటే ఇచ్చేయండి. రాఖీ కవరు మా దగ్గరే ఉండిపోయింది. అందులో దారం పోగు కూడా అలాగే ఉంది. వచ్చే ఆదివారం కాలనీకి వెళ్లి వాళ్లన్న చేతికి ఇస్తున్నాం, వచ్చేవాళ్లు పొద్దున తొమ్మిదికల్లా బస్టాండు దగ్గర ఉండండి.