సొరుగు మీద ముద్ర

ఒరేయ్ రాజా,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకోకు. ఇక్కడ లండన్‌లో ఓ పాత సామాన్ల కొట్లో వాష్‌స్టాండ్ కొన్నాను. కుళాయిలు పడగ్గదుల దాకా రాని రోజుల్లో మొహం కడుక్కునే బల్ల అన్నమాట. పైన పాలరాయి, నీళ్లు చిందినా గోడ తడవకుండా వెనక ఆకుపచ్చ టైల్స్. పొద్దున్నే పనిమనిషి జగ్గుతో వేణ్నీళ్లు తెచ్చిపెట్టేది.

1880ల్లో, 90ల్లో ఇక్కడి మధ్యతరగతి వాళ్లు పడగ్గది సామానంతా ఒకే సెట్టుగా కొనేవాళ్లు. అద్దం బీరువా, డ్రెస్సింగ్ టేబుల్, ఈ వాష్‌స్టాండ్, కుర్చీలు. మంచం పక్కన ఓ బుల్లి అలమర కూడా. అందులో ఏం పెట్టేవాళ్లంటావ్? రాత్రి అవసరానికి కుండ! మా ఆవిడ అదీ కొందామంది, నేనే దండం పెట్టాను. మంచం మాత్రం ఇనుముదో ఇత్తడిదో ఉండేది. కర్ర సందుల్లో నల్లులు కాపురం పెడతాయని భయం. ఆ లోహపు మంచాలకు బర్మింగ్‌హామ్ పెట్టింది పేరు.

వాష్‌స్టాండ్ కర్ర వాల్‌నట్ అన్నాడు కొట్టువాడు. తీరా చూస్తే 'శాటిన్ వాల్‌నట్'. పేరే వాల్‌నట్, నిజానికి అమెరికా స్వీట్‌గమ్ చెట్టు కర్ర! అప్పట్లో చవక సెట్లకు వాడేవాళ్లట. ఏడవలేక నవ్వాను.

సొరుగు లాగితే పై అంచున 'మేపుల్ అండ్ కో' అని ముద్ర. చేసినవాడి పేరనుకుని మురిసిపోయాను. కాదురా, అమ్మినవాడిది. టాటెన్‌హామ్ కోర్టు రోడ్డులో హీల్స్, షూల్‌బ్రెడ్ లాంటి పెద్ద కొట్ల మధ్య, ప్రపంచంలోకెల్లా పెద్దది మాదేనని ప్రకటనలిచ్చుకున్న కొట్టు అది. అలాంటి కొట్లకు బోలెడు సరుకు తూర్పు లండన్ షోర్‌డిచ్‌లో కర్టెన్ రోడ్డు చుట్టుపక్కల చిన్న చిన్న వర్క్‌షాపుల నుంచి వచ్చేది. చాలీచాలని కూలికి రాత్రీ పగలూ చాకిరీ. 1888లో ఇక్కడి పార్లమెంటు ఎగువ సభ, హౌస్ ఆఫ్ లార్డ్స్ కమిటీ దీని మీద విచారణ మొదలెడితే, యజమాని జాన్ బ్లండెల్ మేపుల్ కూడా వెళ్లి సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. తర్వాత యూనివర్సిటీ కాలేజ్ ఆసుపత్రి కొత్త భవనానికి డబ్బిచ్చిందీ ఆయనే. మనిషిని ఏమనాలో నాకు తేలలేదు.

సొరుగు తిరగేస్తే వెనక పెన్సిల్‌తో '3' అని గీసి ఉంది. అది మాత్రం చేసినవాడి చేతిరాతే అయ్యుంటుంది.

అన్నట్టు, మొన్న ఆ పాలరాయి మీదే నిమ్మకాయ కోసి వదిలేశాను. మెరుపు పోయి గుండ్రంగా మచ్చ పడింది, రుద్దినా పోవట్లేదు. మీ మావయ్యది రాళ్ల పాలిష్ పనే కదా, ఏం వాడాలో కనుక్కుని రాయరా. మా ఆవిడ ఇంకా చూడలేదు, ప్రస్తుతానికి పైన పూలకుండీ పెట్టాను.

నీ
శీను