మా గాలానికి ఒక రసీదు ఇవ్వండి: మత్స్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర మత్స్య, పశుసంవర్ధక, క్రీడల శాఖల మంత్రి గారికి,

నమస్కారం.

మత్స్యశాఖ, క్రీడల శాఖ రెండూ మీ దగ్గరే ఉన్నాయి. నేను చెప్పబోయే సంగతి ఆ రెండింటి మధ్య సందులో పడిపోయి ఇన్నాళ్లూ ఎవరి బల్ల మీదకీ రాలేదు. సరదాగా గాలం వేసే మాబోటి వాళ్ల గురించి ఈ ఉత్తరం.

మాది మెదక్ వైపు పల్లె. ఉద్యోగం హైదరాబాద్‌లో. చిన్నప్పుడు బర్రెల కొట్టం వెనక తడిమట్టి తవ్వి ఎర్రలు ఏరుకునేవాళ్లం. వెదురు కర్రకు దారం కట్టి, జొన్నదంటు బెండు వేసుకుని చెరువు గట్టున కూర్చుంటే పరకలు, జెల్లలు పడేవి. జెల్ల ముల్లు గుచ్చుకుంటే ఏడ్చుకుంటూ ఇంటికి పోయేవాళ్లం. ఇప్పుడు కర్ర పోయి రాడ్డు, రీలు వచ్చాయి, ఎర్రల బదులు రబ్బరు కప్ప వచ్చింది. ఆదివారం తెల్లారకముందే నగరం దాటి చెరువులకు పోయేవాళ్లలో ఐటీ కుర్రాళ్లున్నారు, ఆటో నడిపేవాళ్లున్నారు, రిటైరైన టీచర్లున్నారు. కొందరు పట్టింది వండుకుంటారు, కొందరు ఫోటో తీసుకుని వదిలేస్తారు. నేను రెండూ చేస్తాను. మా ఆవిడ లెక్క ప్రకారం పెద్దవన్నీ వదిలేసి చిన్నవి ఇంటికి తెస్తాను.

పోయిన చలికాలం ఒక చెరువు దగ్గర కూర్చున్నాను. ఇద్దరు కుర్రాళ్లు బండి మీద వచ్చారు. "ఎవర్ని అడిగి ఏస్తున్నవ్?" అన్నారు. ఎవర్ని అడగాలో చెప్పండి, అడుగుతాను అన్నాను. ఆ మాటకి వాళ్ల దగ్గరా జవాబు లేదు. రాడ్డు లాక్కున్నారు, ఐదు వందలు ఇస్తే తిరిగిచ్చారు. రసీదు అడిగితే నవ్వారు. వాళ్లు ఎవరి తరఫున వచ్చారో, ఆ డబ్బు ఎవరికి చేరిందో ఇప్పటికీ తెలీదు. డబ్బు పోయినందుకు కాదు గానీ, దొంగలా నిలబడాల్సి వచ్చినందుకు ఆ రోజంతా మనసు బాగోలేదు.

మరుసటి వారం సెలవు పెట్టి ఒక ప్రభుత్వ కార్యాలయానికి వెళ్లాను. పెద్ద జలాశయాల్లో చేపలు పట్టే జాలరులకు లైసెన్సు ఎలా ఇస్తారో ఓపిగ్గా చెప్పారు. ఊరి చెరువులు జాలరుల సంఘాల కింద ఉంటాయని చెప్పారు. గాలంతో సరదాగా పట్టుకునేవాడు ఏ దరఖాస్తు నింపాలి అని అడిగితే, ఆ సారు కాసేపు ఆలోచించి, "అసలు మీకెందుకండీ లైసెన్సు? కూర్చుని పట్టుకోండి, ఎవరైనా అడిగితే వెళ్లిపోండి" అన్నారు. మంచి మనిషే. కానీ అది నియమం కాదు కదా.

ఇక రెండో వైపు మాట కూడా చెప్పాలి. ఆ తర్వాత ఇంకో ఊళ్లో ముందుగానే సంఘం పెద్దను వెతుక్కుంటూ వెళ్లాను. థర్మాకోల్ తెప్ప పక్కన కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. విషయం చెబితే తల ఎత్తకుండానే అన్నాడు: "సారూ, నువ్వు పట్టేది ఒక్క చేపనే. కాదంటలేను. రేపు నీ వెనక పది మంది వస్తరు. చెరువుకు పైసలు కట్టేది మేము, పిల్లలు పోసుకుని రాత్రిపూట కావలుండేది మేము. మాకు తెల్వకుంట గాలమేస్తే కడుపు మండదా?"

మండుతుంది. నాకు అందులో ఒక్క తప్పు మాటా దొరకలేదు. మిషన్ కాకతీయ లెక్కల్లో మన రాష్ట్రంలో 46,531 చెరువులు. వాటిని నమ్ముకుని ముదిరాజులు, గంగపుత్రులు, బెస్తలు ఎన్ని తరాలుగా బతుకుతున్నారో మీకు నేను చెప్పక్కర్లేదు. 2016-17లో ఉచిత చేపపిల్లల పథకం మొదలయ్యాక బొచ్చె, రవ్వ, బంగారుతీగ పిల్లల్ని వదిలింది కూడా వాళ్ల బతుకుదెరువు కోసమే, నా ఆదివారం కాలక్షేపానికి కాదు. కాబట్టి మాకు హక్కు కావాలని అడగడం లేదు. డబ్బు కట్టి, వాళ్ల ఒప్పుదలతో, వాళ్లు చెప్పిన చోట కూర్చునే దారి చూపమంటున్నాను.

ఇందుకు ఢిల్లీ దాకా పోవాల్సిన పని లేదు. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో చేపల వ్యవహారం రాష్ట్ర జాబితాలోనే ఉంది. 1897 నాటి భారత మత్స్య చట్టం నీళ్లలో బాంబు పేల్చొద్దంది, విషం కలపొద్దంది, వలకన్ను కొలత మీద, పట్టకూడని కాలం మీద నియమాలు పెట్టుకునే అధికారం ప్రభుత్వాలకు ఇచ్చింది. ఆ రోజుల్లో తెల్లదొరలు కొండ ఏళ్లలో మహసీర్ చేపల కోసం గాలాలేసుకుని తిరిగేవారు. ఆ దొరల సరదా పోయింది, మన సరదా వచ్చింది. నియమం మాత్రం రాలేదు.

గట్టు మీద గాలం మనుషులు లేకుండా పోతే ఏమవుతుందో కావేరి చూపించింది. కర్ణాటకలో భీమేశ్వరి, గాలిబోరే, దొడ్డమకలి దగ్గర మహసీర్ కోసం గాలం వేసే శిబిరాలు ఉండేవి. పట్టిన ప్రతి చేపనీ తూకం వేసి మళ్లీ నదిలో వదలాల్సిందే. అంతకుముందు దొంగచాటుగా చేపలు పట్టిన స్థానికుల్లో కొందరికి అక్కడే గైడ్లుగా, కాపలాదారులుగా పని దొరికింది. అభయారణ్యంలో గాలం వేయడం కూడా వేటే అవుతుందన్న వాదన పైకొచ్చి, 2010 తర్వాత ఆ శిబిరాల్లో గాలం వేయడం ఆగిపోయింది. చట్టం మాట చట్టం చెప్పింది, దాన్ని తప్పు పట్టను. కానీ కాపలా ఉన్నవాళ్లు పోయాక నదిలో బాంబుల వేట మళ్లీ పెరిగిందని పరిశోధకులు రాశారు. కావేరిలో ఉండే మూపురం మహసీర్ అనే రకానికి శాస్త్రీయ నామం ఖాయమైంది 2018లో. అప్పటికే అది అంతరించిపోయే అంచున ఉంది. గట్టు మీద రోజూ కూర్చునే మనిషి ఒక కన్ను లాంటివాడు. మన చెరువుల్లో కరెంటు తీగలు వేసి, మందు కలిపి చేపలు చంపేవాళ్లను ముందుగా చూసేది మేమే. చూసి ఎవరికి చెప్పాలి? మేమే అనుమతి లేకుండా కూర్చున్నవాళ్లం కదా, నోరు మూసుకుని వచ్చేస్తాం.

హిమాచల్‌లో ట్రౌట్ చేపకు గాలం వేయాలంటే మత్స్యశాఖ లైసెన్సు కొనుక్కోవాలి. నవంబరు 1 నుంచి ఫిబ్రవరి చివరి వరకు ట్రౌట్ జోలికి పోకూడదు. డాలస్‌లో ఉండే మా బావమరిది వెళ్లిన మొదటి ఎండాకాలంలోనే ఫోన్లో లైసెన్సు కొనుక్కున్నాడు. అక్కడ బాస్ అనే చేప మామూలుగా 14 అంగుళాలకు తక్కువుంటే వదిలేయాలి, రోజుకు ఐదు మించి ఉంచుకోకూడదు. అతను సంచిలో టేపు పెట్టుకుని తిరుగుతాడు. ఇక్కడికొస్తే మాత్రం నాతోపాటు బిక్కుబిక్కుమంటూ గట్టు మీద కూర్చుంటాడు. అమెరికాలో 1950లో వచ్చిన చట్టం ప్రకారం గాలాలు, రీళ్ల మీద వసూలయ్యే పన్ను చేపల సంరక్షణకే తిరిగి వెళ్తుంది. అది మనకు ఇప్పుడే వద్దులెండి, పెద్ద మాట. రసీదు చాలు.

మన రాష్ట్ర చేప కొర్రమీను. మా వైపు కొర్రమట్ట అంటాం. గాలం నియమాలు రాసేటప్పుడు అన్నిటికంటే ముందు దీని గురించి రాయండి, ఎందుకంటే గాలం వేసేవాళ్లలో సగం మంది దీని కోసమే వస్తారు, దీనికి మేం చేసే హాని కూడా ఎక్కువే. బొచ్చె, రవ్వ గుడ్లు వదిలేసి వెళ్లిపోతాయి. కొర్రమట్ట అలా కాదు. వానాకాలంలో నాచు మధ్య కాస్త జాగా చేసుకుని గుడ్లు పెట్టి, పిల్లలయ్యాక కూడా తల్లీతండ్రీ వాటి కిందే తిరుగుతూ కాపలా కాస్తాయి. ఎర్రెర్రగా ఉండే ఆ పిల్లలు ఒక గుంపుగా గాలి కోసం పైకొస్తుంటే నీళ్ల మీద చినుకులు పడ్డట్టు కనిపిస్తుంది. దాని మీదుగా రబ్బరు కప్పను లాగితే పెద్ద చేప ఆకలితో కాదు, కోపంతో మీదపడుతుంది. గాలానికి అంత తేలిగ్గా దొరికే సమయం ఇంకోటి లేదు. దాన్ని తీసుకుపోయిన అరగంటలో ఆ పిల్లల గుంపును మిగతా చేపలు, కొంగలు ఖాళీ చేసేస్తాయి. నేనూ ఒకసారి ఆ పని చేశాను, తెలియక. తర్వాత ఆ గుంపు ఏమైందో గట్టు మీద నుంచి చూశాను. మళ్లీ చేయలేదు.

విచిత్రం ఏమిటంటే, మృగశిర కార్తె నాడు చేప తినాలని బజార్లన్నీ కిక్కిరిసిపోయేది కూడా వానలు మొదలయ్యే ఆ రోజుల్లోనే. దాన్ని ఆపమని అనేంత ధైర్యం నాకు లేదు, మా ఇంట్లోనే ఊరుకోరు. కానీ సరదాకి పట్టేవాడు వానాకాలం రెండు నెలలు గాలం అటక మీద పెట్టగలడు. పిల్లల గుంపు మీద గాలం వేస్తే జరిమానా అని ఒక్క వాక్యం రాయండి. బతికున్న కప్పను ఎరగా గుచ్చడం కూడా మాన్పించండి. ఇంకోటి, పట్టిన చేపను నీళ్లలోకి వదలడం మంచిదే గానీ అన్నిటికీ కాదు. బయటి నుంచి వచ్చి మన చేపల్ని దెబ్బతీసే ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్, డెవిల్ ఫిష్ లాంటివి గాలానికి పడితే తిరిగి చెరువులో వేయకూడదని కూడా రాయాలి. కొత్తగా నేర్చుకునే కుర్రాళ్లు జాలిపడి వాటినీ వదిలేస్తున్నారు.

టికెట్ సంగతి. ఏడాదికి ఒక చిన్న లైసెన్సు ఫోన్లో కొనుక్కునేలా, దాంతో పాటు చెరువును బట్టి రోజు టికెట్ ఉండేలా చూడండి. రోజు టికెట్ వంద రూపాయలనుకోండి, అందులో డెబ్బయ్యో ఎనభయ్యో నేరుగా ఆ చెరువు సంఘం ఖాతాలో పడాలి. అన్ని చెరువులూ తెరవక్కర్లేదు. ఏ సంఘం తీర్మానం చేసి ఒప్పుకుంటే ఆ చెరువే జాబితాలోకి రావాలి, వద్దనుకుంటే తీసేసుకునే హక్కు వాళ్లకుండాలి. పట్టు రోజుల్లో, అంటే వాళ్లు వలలు దింపే రోజుల్లో, మేం ఆ దరిదాపుల్లో ఉండకూడదు. మంజీరా, పాకాల, కిన్నెరసాని లాంటి అభయారణ్యాల్లో అసలు గాలమే వద్దు. మంజీరాలో మొసళ్లున్నాయి కాబట్టి అక్కడ చట్టం కంటే అవే బాగా అమలు చేస్తాయనుకోండి. ఒక మనిషికి ఒకటే రాడ్డు, తెగిపోయిన దారం తిరిగి ఇంటికి తీసుకుపోవాలి. నైలాన్ దారం కాళ్లకు చుట్టుకుని చచ్చిన కొంగను చూశాను, అది మాలో ఎవరిదో దారమే.

ఒక్క విషయంలో మాత్రం భయంగా ఉంది. లైసెన్సు అనగానే కింది స్థాయిలో అది ఎవరి మీద పడుతుందో మనకు తెలుసు. రాడ్డు, రీలు ఉన్నవాడు ఎలాగో కట్టేస్తాడు. చెరువు గట్టున కర్ర గాలంతో కూర్చున్న పిల్లాడినీ, పొద్దుపోక నాలుగు పరకలు పట్టుకునే తాతనీ పట్టుకుని రసీదు ఏదిరా అంటే, ఈ ఉత్తరం రాసిన పాపం నాది అవుతుంది. ఇంగ్లండులో 13 ఏళ్ల లోపు పిల్లలకు, టెక్సాస్‌లో 17 నిండని వాళ్లకు లైసెన్సు అడగరు. మనం అంతకంటే ఒక అడుగు ముందుకేసి, ఆ ఊరివాళ్లు కర్ర గాలంతో ఇంటి కూరకు పట్టుకుంటే వయసుతో పని లేకుండా మినహాయింపు అని ఉత్తర్వులో మొదటి పేరాలోనే రాయాలి. చివరి పేరాలో రాస్తే అంతదాకా ఎవరూ చదవరు.

ఆ వల బాగుచేసుకుంటున్న పెద్దాయనతో ఈ టికెట్ మాట అన్నాను. మొదటిసారి తల ఎత్తి చూశాడు. "పైసలు సంఘంల పడితే నేనే నీకు జాగ చూపిస్త, కొర్రమట్టలు యాడుంటయో నాకెర్క" అన్నాడు. అంతలోనే, "అయితే అది అయ్యేది కాదు పొయ్యేది కాదు" అని మళ్లీ వల మీదకు వంగాడు.

వానలు మొదలయ్యాయి. నా రాడ్డు అటకెక్కించాను. మళ్లీ దించేది కార్తీకంలోనే. ఈలోపు ఒక్క జిల్లాలో పది చెరువులతోనైనా మొదలుపెట్టి, టికెట్ ఎక్కడ కొనాలో చెప్పండి. మొదటిది నేను కొంటాను. ఆ రసీదు తీసుకెళ్లి ఆ పెద్దాయనకు చూపించాలి.

ఇట్లు,
ఒక గాలం మనిషి,
హైదరాబాద్