జూన్‌లో నాటి ఎండిపోయిన మొక్కల గురించి, మా నర్సరీ కస్టమర్లకి

అన్నలకి, అక్కలకి నమస్తే. 2023 డిసెంబర్ మిచాంగ్ తుఫానుకి మన నెల్లూరు పొదలకూరు రోడ్డు వైపు కాలనీలో పాత తురాయి చెట్లు పడిపోయినాయి గదా, వాటి బదులు ఈ జూన్‌లో మేం 64 మొక్కలు నాటాం. నిన్న పొద్దున నేనూ మా కుర్రోడూ వీధి వీధి తిరిగి లెక్కేస్తే 27 ఎండిపోయి ఉండాయి. కొందరు ఫోన్ చేసి తిట్టారు, తిట్టాల్సిందేలే, మొక్కకి 450 తీసుకున్నా గదా.

మీరే నీళ్ళు పోయలేదని మొదట్లో నలుగురైదుగురికి చెప్పేశా, సారీ. మూడో లైన్లో ఒక టీచరమ్మ రోజూ రెండు బిందెలు పోస్తానే ఉండారు, ఆమె కానుగ కూడా పోయింది. అది పీకి చూస్తే గానీ సంగతి అర్థం కాలా. మూడు నెలలు నేలలో ఉండి కూడా వేర్లు నర్సరీలో మొక్క పెంచిన ప్లాస్టిక్ కవర్ ఆకారంలోనే జంతికల చుట్టలాగా గుండ్రంగా తిరిగి ఉండాయి, ఒక్క వేరన్నా బయట మట్టిలోకి పోలా. ఆ మొక్కలు అమ్ముడుపోక మా షెడ్డు వెనకాల చిన్న కవర్లలోనే రెండేళ్ళు పడున్నాయి, పెద్ద కవర్లోకి మార్చాల్సింది, మార్చలా, ఎత్తు బాగుంది గదా అని మీకు ఇచ్చేశా. పోనీ నాటేటప్పుడన్నా బ్లేడుతో అడుగు వేర్లు కత్తిరించి పక్కన రెండు మూడు నిలువు గాట్లు పెట్టుంటే కొన్నైనా బతికేవి, ఆ రోజు ట్రాక్టర్ బాడుగ టైం అయిపోతా ఉందని మావాళ్ళు గబగబా పూడ్చేశారు. రెండింటికైతే కవరే తియ్యలా. రాయడానికే సిగ్గుగా ఉంది.

ఇంకోటి, నాటిన టైమే తప్పు. జూన్ 5 పర్యావరణ దినోత్సవం అంటే అప్పటికి రోహిణి కార్తె కూడా పోలా. హైదరాబాద్ వాళ్ళు తొలకరికి నాటుకుంటే వాళ్ళకి సరిపోద్ది, మన నెల్లూరుకి సగానికి పైగా వాన అక్టోబర్ నుంచి డిసెంబర్ లోపలే పడేది. నాకు తెలీక కాదు, కాలనీ పెద్దలు ఆ రోజే ఫొటోలు దిగాలన్నారు, కాదంటే ఆర్డర్ పోద్దని తలూపా.

27కీ కొత్త మొక్కలు ఫ్రీగా ఇస్తా, కూలీ కూడా నాదే. కానీ ఇప్పుడు కాదు, అక్టోబర్లో రెండు మంచి వానలు పడినాక. ఈసారి గుంట రెండడుగుల లోతు తీసి, రోడ్డేసినప్పుడు పూడ్చిన కంకర ఏరేసి, పశువుల ఎరువు కలిపిన మట్టి వేస్తాం. కరెంటు వైర్ల కింద ఉండే 9 ఇళ్ళకి మాత్రం కానుగ, నేరేడు అడగొద్దు, ఏటా లైన్‌మన్ వచ్చి తల నరికేస్తాడు, మీకూ బాధే. అక్కడ దేవగన్నేరో దేవకాంచనమో పెట్టుకుందాం.

కోనోకార్పస్ అడిగినవాళ్ళకి కూడా ఇక్కడే చెప్తున్నా. తొందరగా పెరుగుద్ది, అది నిజమే. కాకపోతే పుప్పొడికి దగ్గు, ఆయాసం అంటా ఉండారు, వేర్లు డ్రైనేజీ పైపుల్లోకి పోతాయి, గుజరాత్ వాళ్ళయితే 2023లోనే నాటొద్దన్నారు. నా దగ్గర ఇంకా 40 ఉండాయి, డబ్బులు పోతే పోయినాయి, వీధిలోకి అయితే అమ్మను.

మొక్క పోయినోళ్ళు ఇంటి నంబర్, ఫొటో వాట్సాప్ చెయ్యండి, గుంటలో చెత్త వెయ్యకుండా అట్టనే ఉంచండి. ఇనప ట్రీ గార్డులు జాగ్రత్త, మళ్ళీ కావాల. ఒకాయన దాన్ని పెరట్లో బోర్లించి కోడిపిల్లల్ని పెట్టుకోనుండాడు, చూసి నవ్వొచ్చింది, పేరు చెప్పను గానీ అక్టోబర్ లోపల కోళ్ళకి వేరే గూడు చూడన్నా.