డిసెంబర్ ఉత్తరం: ఫోన్‌కు అర్థం కాని నోటీసు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

అర్ధ సంవత్సర పరీక్షల గురించి రాయడానికి కూర్చున్నాను. దానికి ముందు నా పొరపాటు ఒకటి చెప్పుకోవాలి.

పోయిన నెల తల్లిదండ్రుల సమావేశం నోటీసును బోర్డుకు అంటించి, ఫోటో తీసి మన వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఏళ్ళ తరబడి అలాగే చేస్తున్నాం. ఏడో తరగతి పాప వాళ్ళ నాన్న సమావేశం అయిపోయిన మరుసటి రోజు వచ్చారు. ఆయనకు చూపు లేదు. తెరమీద ఉన్నదాన్ని చదివి వినిపించే టాక్‌బ్యాక్‌ను ఫోన్‌లో పెట్టుకుని అన్ని పనులూ తనే చేసుకుంటారు. "సార్, నా ఫోను ఫోటో అని మాత్రమే చెప్పింది. లోపలేముందో ఎవర్ని అడగల్ల? పాపకేమో జరమొచ్చి పడుకునుండె" అన్నారు.

సరిదిద్దుకుందామని తర్వాతి నోటీసు టవర్‌క్లాక్ దగ్గరి షాపులో డీటీపీ చేయించి పీడీఎఫ్ పంపాను. అది ఇంకా ఘోరం. ఆయన బడికే వచ్చి ఫోన్ నా చెవి దగ్గర పెట్టారు. తెలుగు ముక్క ఒక్కటీ లేదు. ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ గడగడా వస్తున్నాయి. మా కంప్యూటర్ టీచర్ చెప్తే గానీ నాకు అర్థం కాలేదు. పాత డీటీపీ ఫాంట్లలో మన కంటికి 'అ' కనబడుతుంది గానీ, ఫైలు లోపల ఉండేది ఏదో ఇంగ్లీషు అక్షరం. ఫాంటు దానికి తెలుగు వేషం వేస్తుంది. ఫోన్‌కు వేషంతో పని లేదు, లోపలున్నదే చదువుతుంది. యూనికోడ్ అనే పద్ధతిలో ప్రతి తెలుగు అక్షరానికీ సొంత నంబరు ఉంటుంది. మనం రోజూ ఫోన్‌లో టైపు చేసేది అదే. అంటే నేను షాపుకు డబ్బులిచ్చి మరీ చెడగొట్టుకున్నాను!

ఈ సంగతులు వెతుకుతుంటే నిర్మితా నరసింహన్ గారి గురించి తెలిసింది. మనకు దగ్గరే, బెంగళూరులోని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీలో వికలాంగుల హక్కులు, డిజిటల్ సాంకేతికత మీద పరిశోధన చేశారు. ఒకప్పుడు చూపు లేని విద్యార్థి కోసం ఒక పుస్తకాన్ని ఆడియోగానో, ఫోన్ చదవగలిగే ఫైలుగానో మార్చాలంటే ప్రచురణకర్త అనుమతి కావలసి వచ్చేది. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి ఆ అడ్డు తీసేశారు. దానికోసం గట్టిగా పనిచేసిన వాళ్ళలో ఆమె ఒకరు. ఇదే విషయం మీద వచ్చిన అంతర్జాతీయ మరాకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో అందరికంటే ముందు ఆమోదించింది మన దేశమే. నిజం చెప్పాలంటే, ముప్పై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్న నాకు ఈ రెండూ తెలియవు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. సమాచారం అందరికీ అందే రూపంలో ఉండాలని కూడా చెప్పింది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఇంకో మెట్టు పైకి వెళ్ళింది. యాసిడ్ దాడికి గురై కళ్ళార్పలేని వాళ్ళను, బ్యాంకు ఖాతా కోసం కెమెరా ముందు కళ్ళార్పమని అడిగే పద్ధతి మీద వచ్చిన కేసది. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని తీర్పు చెప్పింది. మీ అందరికీ అందిన కాగితమే తనకూ అందాలని ఆ నాన్న అడిగారు. అది తీర్చడంలో నేను చేసే ఉపకారమేమీ లేదు.

ఇకనుంచి నోటీసులన్నీ గ్రూపులోనే నేరుగా టైపు చేస్తాం. ఫోటో పెడితే కింద అందులో ఏముందో రెండు లైన్లు రాస్తాం. చదువురాని తల్లిదండ్రుల కోసం వాయిస్ మెసేజ్ కూడా వస్తుంది. బెంగళూరుకు పనికి పోయినవాళ్ళు పిల్లల్ని అవ్వాతాతల దగ్గర వదిలి వెళ్తున్నారు కదా, వాళ్ళకూ ఇది పనికొస్తుంది. మీరు గ్రూపులో వీడియో పంపినా కింద ఒక మాట రాయండి, వినిపించని వాళ్ళు కూడా మనలో ఉన్నారు.

మీ బిడ్డకు చూపు, వినికిడి, చదవడం, రాయడంలో ఇబ్బంది ఉందనిపిస్తే దాచిపెట్టకండి. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ లేదని టెన్షన్ పడొద్దు, ముందు బడికి వచ్చి చెప్పండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం టీచర్‌తో నేనే మాట్లాడతాను.

పరీక్షల టైమ్‌టేబుల్ ఈసారి టైపు చేసి, ముందుగా ఆ పాప నాన్నకే పంపాను. పది నిమిషాల్లో ఫోన్ చేశారు. "సార్, ఎనిమిదో తరగతి లెక్కల పరీక్ష ఆదివారం పడింది, సూసుకోండి" అని. నిజమే. నేనూ, ఇద్దరు టీచర్లూ కళ్ళతో చూసినా పట్టుకోలేదు. సరిచేసిన టైమ్‌టేబుల్ ఈ ఉత్తరం కిందే ఉంది.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయుడు,
అనంతపురం