వాగు దారి ఊరికి తెలుసు: కేంద్ర పర్యావరణ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర పర్యావరణ, అటవీ, వాతావరణ మార్పుల శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

జాతీయ రహదారులకూ, టౌన్‌షిప్పులకూ, భారీ భూ అభివృద్ధి ప్రాజెక్టులకూ పర్యావరణ అనుమతి ఇచ్చే విధానంలో గ్రామ పంచాయతీలకూ పురపాలక సంఘాలకూ ఇవాళ దక్కుతున్న స్థానం గురించి ఈ లేఖ రాస్తున్నాను. రోడ్లు వద్దనేవాళ్లలో నేను లేను. మంచి రోడ్డు లేక ఆసుపత్రికి చేరలేని మనిషి కష్టం ఏమిటో తెలుగు రాష్ట్రాల్లో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. పంచాయతీలకు అనుమతి ఇచ్చే అధికారాన్నో, నిరాకరించే అధికారాన్నో కట్టబెట్టమని కూడా కోరడం లేదు. తన పరిధిలోని నేల గురించీ నీటి గురించీ స్థానిక సంస్థ లిఖితపూర్వకంగా ఒక ప్రశ్న వేస్తే, అనుమతిచ్చే ముందు దానికి కారణాలతో కూడిన జవాబు ఇచ్చి తీరాలన్న నియమం కావాలంటున్నాను. ఇప్పుడున్న విధానంలో అది లేదు.

2006 సెప్టెంబరు 14న వెలువడి, ఆ తర్వాత లెక్కకు మించి సవరణలు పొందిన పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషనే ఈ వ్యవహారానికంతటికీ ఆధారం. వడపోత (ప్రాజెక్టుకు ప్రభావ అధ్యయనం అవసరమా కాదా తేల్చడం), అధ్యయన పరిధి నిర్ణయం, ప్రజాభిప్రాయ సేకరణ, మదింపు అనే నాలుగు దశలను అది ఏర్పరచింది. వీటిలో స్థానిక సంస్థ ఎక్కడ కనిపిస్తుందా అని వెతికితే ముఖ్యంగా రెండు చోట్ల కనిపిస్తుంది. ప్రాజెక్టు ప్రభావంపై తయారయ్యే ముసాయిదా నివేదిక ప్రతిని జనం చూసుకోవడానికి అందుబాటులో ఉంచే కార్యాలయాల్లో అదొకటి. అనుమతి వచ్చేశాక ఆ ఉత్తర్వును ముప్పై రోజుల పాటు ప్రదర్శించవలసిన బాధ్యత కూడా దానిదే. ముందు కాగితం భద్రపరచడానికీ చివర కాగితం అతికించడానికీ పనికొచ్చే సంస్థ, ఆ రెండు కాగితాల మధ్య జరిగే నిర్ణయానికి పనికిరాకపోవడం నాకు వింతగా తోస్తుంది.

రాజ్యాంగం స్థానిక సంస్థలను ఇంత చిన్నచూపు చూడలేదు. పంచాయతీలకు అప్పగించదగిన అంశాలంటూ పదకొండో షెడ్యూలు చెప్పిన 29 అంశాల్లో చిన్నతరహా నీటిపారుదల, నీటి యాజమాన్యం, నేల పరిరక్షణ, రోడ్లు, కల్వర్టులు ఉన్నాయి. పట్టణాలకు సంబంధించిన పన్నెండో షెడ్యూలులో భూ వినియోగ నియంత్రణ, రోడ్లు, వంతెనలు, పర్యావరణ పరిరక్షణ ఉన్నాయి. అంతకంటే ముఖ్యమైనది, ఎవరూ పెద్దగా పట్టించుకోనిది 243జడ్‌డీ అధికరణం. పంచాయతీలకూ పురపాలక సంఘాలకూ ఉమ్మడిగా ఉండే నీటి వనరుల పంపకాన్నీ, మౌలిక వసతుల సమగ్ర అభివృద్ధినీ, పర్యావరణ పరిరక్షణనూ దృష్టిలో పెట్టుకుని జిల్లా ప్రణాళికా కమిటీ తన ముసాయిదా ప్రణాళికను తయారుచేయాలని ఆ అధికరణం చెబుతోంది. రోడ్డునూ నీటినీ కలిపి చూడమని రాజ్యాంగం నేరుగా ఆదేశించిన వేదిక జిల్లాలోనే ఉండగా, జాతీయ రహదారి మదింపులో ఆ వేదిక అభిప్రాయం తీసుకోవాలన్న నియమం మాత్రం లేదు.

స్థానిక సంస్థ చెప్పగలిగేది ఏమిటి, నిపుణులకు తెలియనిది ఏమిటి అని మీ శాఖ అధికారులు అడగవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే కనుక కాస్త వివరంగా చెబుతాను.

తెలంగాణలోనూ రాయలసీమలోనూ చెరువులు చాలావరకు విడివిడిగా ఉండవు. ఎగువ చెరువు నిండి అలుగు పారితే ఆ నీరు వాగు వెంట దిగువ చెరువులోకి చేరుతుంది. అది నిండితే దాని కిందిది. ఇలాంటి గొలుసుకట్టుకు అడ్డంగా నాలుగు వరుసల రహదారిని మట్టి పోసి ఎత్తుగా వేసినప్పుడు, రోడ్డు గట్టు తెలియకుండానే చెరువు కట్ట పని చేయడం మొదలుపెడుతుంది. కల్వర్టు సరైన చోట, సరైన వెడల్పుతో, సరైన మట్టంలో పడకపోతే ఎగువ పొలాలు మునుగుతాయి, దిగువ చెరువుకు నీరందదు. మునిగినవాడికీ ఎండినవాడికీ కారణం ఒకటే అయినా, వాళ్లిద్దరూ వేర్వేరు గ్రామాల వాళ్లు కావడం వల్ల ఆ సంగతి ఒక్క ఫిర్యాదుగా ఏ కార్యాలయానికీ చేరదు.

పటంలో గీతగా కూడా కనిపించని పిల్లవాగు ఏ వైపు నుంచి వచ్చి ఎక్కడ కలుస్తుందో, పెద్ద వాన పడిన ఏడు నీరు ఎంతదాకా ఎక్కిందో ఆయకట్టు రైతులకు తెలుసు, తూములు చూసే నీరటికి తెలుసు. నివేదిక రాసే సంస్థకు అది తెలిసే అవకాశం తక్కువ. ప్రాజెక్టు ప్రతిపాదకుడే రుసుము చెల్లించి ఆ సంస్థను నియమించుకుంటాడన్న పాత అభ్యంతరాన్ని పక్కన పెట్టినా, ఇంకొక చిక్కు ఉంది. క్షేత్ర సమాచారాన్ని సాధారణంగా వానాకాలం కాని ఒక్క రుతువులో సేకరిస్తే సరిపోతుందన్నది ఆమోదం పొందిన పద్ధతి. గాలిలో దుమ్ము కొలవడానికి అది సబబే. వాన పడితే దుమ్ము అణగిపోతుంది కదా. వాగు విషయంలో మాత్రం అదే పద్ధతి తలకిందులవుతుంది. వేసవిలో వచ్చి చూసినవారికి అక్కడ కనిపించేది ఇసుక, తుమ్మచెట్లు, పశువులు నడిచిన దారి. వర్షపాతం రికార్డుల నుంచి ప్రవాహాన్ని లెక్కకడతారన్న మాట నిజమే. అయితే నీరు ఎంత వస్తుందో ఆ లెక్క చెబుతుంది గాని, పూడిపోయిన కాలువనూ, మధ్యలో లేచిన ప్రహరీగోడనూ దాటుకుని అది ఎటు మళ్లుతుందో చెప్పదు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచెత్తినప్పుడు, వాగు దారి గురించిన జ్ఞాపకాన్ని నగరం పోగొట్టుకుంటే ఏమవుతుందో దేశమంతా చూసింది.

అందుకే నేను అడిగే మొదటి మార్పు అధ్యయన పరిధిని నిర్ణయించే దశకు సంబంధించినది. రహదారి పోయే ప్రతి గ్రామ పంచాయతీ నుంచీ, పట్టణం నుంచీ ఆ దశలోనే నీటి దారుల వివరం తీర్మానం రూపంలో తెప్పించండి. చెరువులు, అలుగులు, వాగులు, తాగునీటి బోర్లు, పశువుల దారులు ఎక్కడెక్కడ ఉన్నాయో ఊరు రాసిచ్చిన పటం నివేదికకు అనుబంధంగా ఉండాలి. నివేదిక దానితో విభేదిస్తే ఎందుకు విభేదించిందో రాయాలి. దారి ఖరారై, భూసేకరణ నోటీసులు వెళ్లాక జరిగే బహిరంగ విచారణలో ఇదే మాట చెబితే, ఎంత నిజమైనా అప్పటికి అది అడ్డంకిగానే కనిపిస్తుంది.

ఆ బహిరంగ విచారణ సంగతి మీకు తెలియనిది కాదు. కాలుష్య నియంత్రణ మండలి దాన్ని నిర్వహిస్తుంది. కలెక్టరు గాని, అదనపు కలెక్టరు స్థాయికి తగ్గని అధికారి గాని అధ్యక్షత వహిస్తారు. కనీసం ముప్పై రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇస్తారు. నివేదిక సారాంశం స్థానిక భాషలో వస్తుంది, అసలు నివేదిక మాత్రం వందల పేజీల ఇంగ్లీషులోనే ఉంటుంది. కల్వర్టుల పట్టిక ఉండేది అందులోనే. విచారణ మొదలుపెట్టడానికి ఇంతమంది రావాలన్న నియమం ఏదీ లేదని కూడా నోటిఫికేషన్ స్పష్టంగా చెబుతుంది. ప్రజలు లేవనెత్తిన అంశాలకు ప్రతిపాదకుడు తన వ్యాఖ్యలు జతచేస్తాడు. ‘నిబంధనల మేరకు తగిన చర్యలు తీసుకుంటాం’ అన్న ఒక్క వాక్యంతో ఆ గడి నింపేసినా అడిగేవారుండరు. మదింపు చేసే నిపుణుల కమిటీయే స్థానిక సంస్థ తీర్మానానికి విడిగా, అంశంవారీగా జవాబు రాయాలని కోరడం అందుకే. భాష విషయంలోనూ కొత్త వాదన అవసరం లేదు. 2006 నోటిఫికేషన్ స్థానంలో తేవాలనుకున్న 2020 నాటి ముసాయిదా నోటిఫికేషన్‌ను ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లోకి అనువదించాలని ఢిల్లీ హైకోర్టు అప్పుడే ఆదేశించింది. దేశమంతటికీ వర్తించే ముసాయిదా విషయంలో న్యాయమనిపించింది, ఒక జిల్లాను దాటిపోయే రోడ్డు నివేదిక విషయంలో ఎందుకు కాకూడదు?

ఇంతా చేసి, చాలా రహదారులు ఈ ప్రక్రియలోకే రావు. 2013 ఆగస్టు సవరణ ప్రకారం, ఉన్న జాతీయ రహదారిని విస్తరించేటప్పుడు పొడవు 100 కిలోమీటర్లు మించి, అదనంగా సేకరించే వెడల్పు ఉన్న దారిలో 40 మీటర్లు, కొత్త మలుపుల్లోనూ బైపాసుల్లోనూ 60 మీటర్లు దాటితేనే అనుమతి అవసరం. ఉత్తరాఖండ్‌లో సుమారు 900 కిలోమీటర్ల చార్‌ధామ్ రహదారి పనులు 53 ముక్కలుగా నడిచాయి. మొత్తం ప్రాజెక్టుకు ఒక్క మదింపు జరగలేదు. తమిళనాడులో విల్లుపురం నుంచి నాగపట్నం వరకు దాదాపు 180 కిలోమీటర్ల దారిని నాలుగు ప్యాకేజీలు చేసిన కేసులో సుప్రీంకోర్టు 2021 జనవరిలో రహదారి సంస్థ వాదనను మన్నించింది గాని, అనుమతిని తప్పించుకునే ఎత్తుగడగా ముక్కలు చేయకూడదని హెచ్చరించింది. 100 కిలోమీటర్లు దాటిన ప్రాజెక్టులను విభజించవచ్చా, విభజిస్తే ఏ పరిస్థితుల్లో అన్నది పరిశీలించడానికి నిపుణుల కమిటీని నియమించాలని మీ శాఖనే ఆదేశించింది. ప్యాకేజీ కాంట్రాక్టరు సౌకర్యానికి ఏర్పడిన కొలత. నీటికి ఆ హద్దులు లేవు. టెండర్లు ఎన్ని ప్యాకేజీలుగా పిలిచినా, మదింపు మాత్రం ఊరి నుంచి ఊరికి పోయే మొత్తం దారికి జరగాలన్న ఒక్క వాక్యం నోటిఫికేషన్‌లో చేరిస్తే ఈ చర్చ ముగుస్తుంది.

రోడ్డు గట్టుకు కావలసిన మట్టి గురించి కూడా ఒక మాట. రహదారుల వంటి ప్రాజెక్టుల కోసం మట్టి తవ్వకానికి అనుమతి అక్కరలేదంటూ 2020 మార్చిలో, లాక్‌డౌన్ రోజుల్లో ఇచ్చిన మినహాయింపును సుప్రీంకోర్టు 2024 మార్చిలో కొట్టివేసింది. ఎంత మట్టి, ఎక్కడి నుంచి అన్న పరిమితి కూడా లేని మినహాయింపు అది. ఏ గుట్ట తరుగుతోందో, ఏ చెరువు అడుగు ఎంత లోతుకు పోతోందో రోజూ చూసేది పంచాయతీయే. లారీలు తిరిగేది దాని రోడ్ల మీదే.

రహదారి వచ్చాక దాని వెంట వెంచర్లు వస్తాయి, అక్కడ పరిస్థితి ఇంకా విచిత్రం. టౌన్‌షిప్పులకూ ప్రాంత అభివృద్ధి ప్రాజెక్టులకూ 50 హెక్టార్లు, లేదా లక్షన్నర చదరపు మీటర్ల నిర్మాణ విస్తీర్ణం ఉంటే అనుమతి కావాలి. విడి భవనాలకు ఆ పరిమితి 20,000 చదరపు మీటర్ల నుంచి మొదలవుతుంది. కానీ ఈ వర్గం మొత్తానికీ ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు ఉంది. వేల కుటుంబాలు వచ్చి చేరే టౌన్‌షిప్పు గురించి పక్క ఊరిని ఒక్క మాట అడగనక్కరలేదు. పైగా 50 హెక్టార్లంటే దాదాపు 123 ఎకరాలు. నూరేసి ఎకరాల ప్లాట్ల వెంచర్లు మూడు పక్కపక్కనే వెలిస్తే ఒక్కదానికీ మదింపు లేకుండా పోవచ్చు. మూడూ కలిసి ఒక చెరువు పరీవాహక ప్రాంతాన్ని మూసేయవచ్చు. ఆ మూడింటినీ ఒకేసారి చూడగల స్థితిలో ఉండేది స్థానిక సంస్థ ఒక్కటే, కానీ దాన్ని చూడమని చెప్పేవారు లేరు. హైదరాబాదులో అభివృద్ధి కోసమంటూ చదును చేయించిన కంచ గచ్చిబౌలి భూముల్లో పర్యావరణ ప్రభావ మదింపు జరిపించారా అన్న ప్రశ్న 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు నుంచి వచ్చేసరికి యంత్రాలు చాలా చెట్లను పడగొట్టేశాయి.

నా వాదనకు ఉన్న బలమైన ఎదురు వాదన నాకు తెలుసు. స్థానిక సంస్థలకు సిబ్బంది లేరు, నైపుణ్యం లేదు, కొన్నిచోట్ల పాలకవర్గాలే రియల్ ఎస్టేట్ వ్యాపారుల చేతుల్లో ఉన్నాయి. ఇది నిందగా కొట్టిపారేయదగినది కాదు. మీ శాఖ 2016 డిసెంబరులో భవన నిర్మాణాల పర్యావరణ షరతులను స్థానిక సంస్థల అనుమతుల్లో కలిపేయబోయినప్పుడు, పర్యావరణ వివాదాలను విచారించే జాతీయ హరిత ధర్మాసనం (ఎన్‌జీటీ) ఏడాది తర్వాత అందులోని కీలక భాగాలను కొట్టివేసింది. ఆ తీర్పు సరైనదని నా అభిప్రాయం. ప్లాను మంజూరు చేసి రుసుము వసూలు చేసుకునే సంస్థే పర్యావరణ న్యాయనిర్ణేత కావడం మంచిది కాదు. అయితే అప్పుడు జరిగింది స్థానిక సంస్థకు గొంతు ఇవ్వడం కాదు, కేంద్రం, రాష్ట్రం చేయవలసిన పరీక్షను దాని నెత్తిన వేసి తప్పుకోవడం. మదింపు నిపుణుల దగ్గరే ఉండనివ్వండి. వారు స్థానిక సంస్థకు జవాబుదారీగా ఉండేలా చేయండి. పాలకవర్గం లొంగిపోయే ప్రమాదానికి విరుగుడుగా, ఆ తీర్మానం గ్రామాల్లో గ్రామసభలోనూ పట్టణాల్లో వార్డు కమిటీలోనూ చర్చకు వచ్చి ఉండాలన్న షరతు పెట్టవచ్చు.

జాప్యం జరుగుతుందన్నది రెండో అభ్యంతరం. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో 1970 నాటి పర్యావరణ చట్టం కింద భూ అభివృద్ధి ప్రాజెక్టుల సమీక్షను చాలావరకు నగర, కౌంటీ ప్రభుత్వాలే నడుపుతాయి. ముసాయిదా నివేదికపై వచ్చిన వ్యాఖ్యలకు తుది నివేదికలో లిఖితపూర్వక జవాబు ఉండాలి. ఇళ్ల నిర్మాణాన్ని అడ్డుకోవడానికి ఆ చట్టాన్ని వాడుకుంటున్నారన్న విమర్శ పెరిగి, 2025లో పట్టణాల లోపలి ఇళ్ల ప్రాజెక్టులకు అక్కడి శాసనసభ విస్తృతమైన మినహాయింపులు ఇచ్చింది. కాబట్టి గడువు లేని సమీక్షను నేను సమర్థించను. తీర్మానానికి 45 రోజులు, జవాబుకు 30 రోజులు పెట్టండి. గడువులోగా తీర్మానం పంపని పంచాయతీ కోసం ఆగవద్దు.

అనుమతి వచ్చాక జరిగే పర్యవేక్షణలోనూ ఇదే లోపం ఉంది. షరతుల అమలుపై ప్రతిపాదకుడు ఏటా జూన్ 1న, డిసెంబరు 1న అర్ధ సంవత్సర నివేదికలు ఇవ్వాలి. అవి మీ ప్రాంతీయ కార్యాలయానికి చేరతాయి. నాటామని రాసిన మొక్కలు బతికాయో లేదో, కట్టామని రాసిన కల్వర్టు కింద నీరు పారుతోందో లేదో చూడగల పంచాయతీకి మాత్రం ఆ ప్రతి అందదు. తెలుగులో ఒక ప్రతి పంపి, పంచాయతీ పరిశీలనను కూడా నమోదు చేసుకుంటే కొత్తగా ఒక్క ఉద్యోగిని నియమించనక్కరలేదు. అనుమతిపై హరిత ధర్మాసనానికి అప్పీలు చేసుకోవడానికి ముప్పై రోజులే గడువు, తగిన కారణం చూపితే మరో అరవై. తెలుగు రాష్ట్రాల వారు వెళ్లవలసిన ధర్మాసనం చెన్నైలో ఉంది. ఉత్తర్వు పంచాయతీకి ఎప్పుడు అందిందన్న తేదీ నమోదు కాకపోతే ఆ హక్కు ఊరికి దక్కకుండానే గడువు తీరిపోతుంది. కాబట్టి అందిన తేదీతో రసీదు తీసుకుని, దాన్ని పర్యావరణ అనుమతుల కోసం మీ శాఖ నడిపే పరివేష్ పోర్టల్‌లో పెట్టడాన్ని తప్పనిసరి చేయండి.

ఈ మార్పుల్లో చాలావాటికి పార్లమెంటులో కొత్త చట్టం అక్కరలేదు. 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద మీ శాఖ జారీచేసే సవరణ నోటిఫికేషన్ చాలు. అలాంటి ముసాయిదాను మీరు వెలువరిస్తే, అరవై రోజుల అభ్యంతరాల గడువు మొదలయ్యే నాటికే దాని తెలుగు ప్రతిని రెండు రాష్ట్రాల జిల్లా పరిషత్తులకూ, పంచాయతీలకూ, పురపాలక సంఘాలకూ పంపించమని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక తెలుగు పౌరుడు