2024–25 వార్షిక నివేదిక: సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పణ

గౌరవనీయులైన అధ్యక్షుల వారికి, కార్యవర్గ సహచరులకు, శాశ్వత సభ్యులకు, వార్షిక సభ్యులకు, పఠనాలయం పాఠకులకు నమస్కారాలు.

తెనాలిలోని మన గ్రంథాలయ సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కనుక వాటిని మళ్లీ వల్లించను. కోరం (కనీస హాజరు) కోసం అరగంట వేచి చూసి, నియమావళి ప్రకారం వాయిదా వేసి, అదే హాలులో తిరిగి మొదలుపెట్టిన సమావేశం ఇది. రావలసినవారు రాకపోయినా వచ్చినవారికి ఉన్నమాట చెప్పడం నా విధి. ముందుగా ధన్యవాదాలు. హాలు ఉచితంగా ఇచ్చిన కళ్యాణ మండపం యజమానికి, పాత బీరువాలకు రంగు వేయించిన దాతకు, ఏడాది పొడవునా దినపత్రికలు తగ్గింపు ధరకు వేసిన ఏజెంటుకు, రాత్రి పది వరకు తలుపులు తెరిచి ఉంచిన మన అటెండరు దంపతులకు, ఈ రోజు ఉప్మా, కాఫీలు ఏర్పాటు చేసిన మహిళా సభ్యులకు సంఘం రుణపడి ఉంది. పేర్లు చదివితే ఒక పేరు మరిచిపోయానని ఏడాదంతా మాట పడాల్సి వస్తుంది కనుక చదవడం లేదు.

ఏప్రిల్, మే నెలల్లో పెద్దగా పని జరగలేదు. మే 13న పోలింగు. వేసవి శిబిరంలో పాఠాలు చెబుతామన్న ఉపాధ్యాయులంతా ఎన్నికల విధుల్లో ఉన్నారు. శిబిరం రద్దు చేశాం.

జులైలో కార్యవర్గం ఒక నిర్ణయం తీసుకుంది. దాని మీద ఇప్పటికీ కొందరు పెద్దలు అలిగి ఉన్నారు. ఏటా వార్షికోత్సవంలో చేసే సన్మానాలను ఆపేశాం. శాలువలు, జ్ఞాపికలు, పూలదండలు, ఆహ్వాన పత్రాలు, ఫ్లెక్సీలు అన్నీ కలిపితే ఆ ఒక్క సాయంత్రానికి అయ్యే ఖర్చు, ఏడాది మొత్తం కొత్త పుస్తకాలకు పెట్టే ఖర్చును మించిపోతోందని పాత పద్దులు తిరగేస్తే తేలింది. సన్మానం తప్పు కాదు. కానీ పుస్తకాలు కొనడానికి పుట్టిన సంఘం శాలువలు ఎక్కువ కొంటోందంటే ఎక్కడో దారి తప్పినట్టే. ఆ పద్దును యువ సభ్యుల ఉపసంఘానికి అప్పగించి, దీనితో ఏం చేస్తారో మీ ఇష్టం, లెక్క మాత్రం చూపించండి అన్నాం. "వాళ్లకు అనుభవం లేదు" అనే మాట ఆ సమావేశంలో చాలాసార్లు వినిపించింది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడే నాటికి దాని వెనుక నడుం కట్టిన అయ్యంకి వెంకటరమణయ్య గారికి పాతికేళ్లు నిండలేదు. 1935లో మన కృష్ణా కాలువ మీద పుస్తకాలతో పడవ నడిపించిన పాతూరి నాగభూషణం గారికి ముప్పై నిండలేదు. వారి పటాలకు ప్రతి నవంబరులో దండ వేసే మనం, అదే వయసు పిల్లలకు బీరువా తాళం ఇవ్వడానికి జంకితే ఆ దండలకు అర్థం లేదు. ఈ మాట నేను ఆ రోజు అన్నాను, మినిట్సు పుస్తకంలో నమోదైంది.

తాళాలు చేతికి వచ్చిన రెండు నెలలకే వాళ్లకు పరీక్ష ఎదురైంది. సెప్టెంబర్ 2న ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చింది. ఆ బ్యారేజీ చూసిన వరదల్లో అదే పెద్దది. దిగువన కొల్లూరు మండలం లంకల్లో అరటి, కంద, పసుపు తోటలు మునిగాయి, ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. అన్నం పొట్లాలు, మంచినీళ్లు చాలామంది పంచారు, వారందరికీ నమస్కారం. పిల్లల పుస్తకాల సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. తడిసి ముద్దయిన నోటు పుస్తకాలను చూరు కింద తీగల మీద ఆరబెట్టుకున్న ఫొటో ఒకటి మన సంయుక్త కార్యదర్శి ఫోనుకు వచ్చింది. వయసులో ఆమె నాకు మనవరాలి వరుస.

మన నియమావళి ప్రకారం 5,000 రూపాయలు దాటిన ఖర్చుకు ముందుగా కార్యవర్గ తీర్మానం ఉండాలి. అధ్యక్షుల వారు అప్పటికి అమెరికాలో కుమారుడి దగ్గర ఉన్నారు. కార్యవర్గాన్ని పిలవడానికి ఏడు రోజుల నోటీసు కావాలి. ఆ అమ్మాయి ఆగలేదు. స్టేషనరీ దుకాణంలో మన సంఘం పేరు చెప్పి అరువు మీద నోటు పుస్తకాలు, పెన్నులు, జామెట్రీ పెట్టెలు తీసుకుంది. రోడ్డు తేలిన మరునాడే ట్రాలీ ఆటో మాట్లాడుకుని వెళ్లింది. బిల్లును తర్వాతి సమావేశంలో పెట్టి ఆమోదం అడిగింది. నిబంధన అతిక్రమణ అని ఇద్దరు సభ్యులు లిఖితపూర్వకంగా అభ్యంతరం తెలిపారు. వారి అభ్యంతరం న్యాయమైనదే, అది కూడా మినిట్సులో ఉంది. కానీ బడి మళ్లీ తెరిచిన రోజున ఖాళీ చేతులతో కూర్చున్న పిల్లకు మన కోరంతో పనిలేదు. ఖర్చు ఆమోదం పొందింది. అత్యవసర వేళల్లో ఉపసంఘం తన పద్దులోంచి 25,000 రూపాయల వరకు ముందు ఖర్చు చేసి, పదిహేను రోజుల్లో లెక్క చూపాలన్న సవరణను ఈ రోజు మీ ముందు పెడుతున్నాం.

ఆ వరద ప్రయాణంలోంచే ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకునే కార్యక్రమం పుట్టింది. లంకల్లో పిల్లలు నోటు పుస్తకాలు తీసుకుని, "చదువుకోవడానికి కథల పుస్తకాలు లేవా అక్కా" అని అడిగారట. నవంబర్ 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు. ఏటా ఆ వారం మనం ఉపన్యాసాలు పెట్టేవాళ్లం. ఉపన్యాసకులు ముగ్గురు, శ్రోతలు పదిమంది, అందులో నలుగురు కార్యవర్గమే. ఈసారి ఉపన్యాసాలు మాని, ఇనుప ట్రంకు పెట్టెల నిండా పుస్తకాలు సర్ది లంకలకు చేర్చాం. ఊరికొక పెట్టె. దాని తాళం ఆ ఊళ్లో తొమ్మిదో తరగతి చదివే పిల్ల దగ్గరో పిల్లవాడి దగ్గరో ఉంటుంది. రిజిస్టరు వాళ్లే రాస్తారు. నెల తిరిగేసరికి ఈ ఊరి పెట్టె ఆ ఊరికి, ఆ ఊరిది ఈ ఊరికి మారుతుంది. కరకట్ట దాకా ట్రాలీ ఆటో, అక్కడి నుంచి అవతలి ఒడ్డుకు పడవ. నాగభూషణం గారి పడవ నడిచిన ప్రాంతంలోనే మళ్లీ పడవ మీద పుస్తకాలు వెళ్లడం చూసి, కొల్లూరులో ఒక పెద్దాయన తన చిన్నప్పుడు ఇంట్లో విన్న సంగతులన్నీ మాకు చెప్పారు. టీ కూడా ఆయనే తాగించారు.

పెట్టెల్లో ఏం పెట్టాలన్న దగ్గర ఉపసంఘం చూపిన తెలివి గురించి తప్పక చెప్పాలి. మేమైతే మన దగ్గర మిగిలినవి పంపేవాళ్లం. వాళ్లు ముందు పిల్లలను అడిగి జాబితా రాసుకొచ్చారు: దెయ్యాల కథలు, క్రికెట్, అంతరిక్షం, వంటలు, బొమ్మల కథలు. పాత పిల్లల పత్రికల బైండు సంపుటాలు కూడా పెట్టాం, వాటికే గిరాకీ ఎక్కువ. విరాళంగా పుస్తకాలిచ్చిన సభ్యులకు కృతజ్ఞతలు. అయితే ఒక విన్నపం. ఫ్లాపీ డిస్కుల కాలం నాటి కంప్యూటర్ గైడ్లు, చెదలు తిన్న పంచాంగాలు, మీ అబ్బాయి వాడేసిన ఎంసెట్ మెటీరియల్ దయచేసి పాతకాగితాల వాళ్లకే వేయండి. వాటిని అక్కడికి మోసే కూలి మన మీద పడుతోంది.

స్వచ్ఛంద సేవకుల సంగతి. పెట్టెలు ఎక్కించే రోజు ఉదయం ఆరింటికి రావాలని వాట్సాప్‌లో పెడితే బొటనవేలి బొమ్మలు వరద నీరంత వేగంగా వచ్చాయి. ఆరింటికి వచ్చింది ఉపసంఘం పిల్లలు, అటెండరు, నేను. బరువులెత్తే వయసు నాది కాదు. బొమ్మ పెట్టిన సభ్యుల్లో కొందరు తర్వాత ఫొటోలు అడిగారు, తమ గ్రూపుల్లో పెట్టుకోవడానికి.

లంకల్లో ఖాళీగా ఉన్న ఒక ప్రభుత్వ గదిలో పెట్టె పెట్టుకోవడానికి అనుమతి కోరుతూ దరఖాస్తు చేశాం. 2022లో జిల్లాలు విడిపోయినప్పుడు తెనాలి గుంటూరు జిల్లాలో ఉండిపోయింది, కొల్లూరు బాపట్ల జిల్లాకు వెళ్లింది. సంఘం చిరునామా మా జిల్లా కాదని ఒక కార్యాలయం, గది ఉన్నది మా జిల్లా కాదని మరో కార్యాలయం ఆ కాగితాన్ని అటూ ఇటూ పంపాయి. మార్చి ముగిసినా జవాబు లేదు. గది తాళం తుప్పు పడుతోంది. ఊరివారు రామాలయం అరుగు మీద చోటిచ్చారు, అర్చకులు గారు వానకు తడవకుండా పైన తాటాకు వేయించారు. వారికి ప్రత్యేక ధన్యవాదాలు.

పఠనాలయం మాత్రం ఏడాదంతా కిటకిటలాడింది. ఫిబ్రవరి 23న గ్రూప్-2 మెయిన్స్ అయ్యేవరకు కుర్చీ దొరకలేదు. డీఎస్సీ కోసం ఎదురుచూసేవారు ఆ తర్వాత కూడా వస్తూనే ఉన్నారు. రాత్రి ఎనిమిదికి మూసే పఠనాలయాన్ని పదింటి దాకా తెరుస్తున్నాం. కరెంటు బిల్లు పెరిగింది, ఫ్యాన్లు రెండు మార్చాం, మరుగుదొడ్డి మరమ్మతు మిగిలింది. ఇక్కడ చదివి ఉద్యోగం తెచ్చుకున్న వారు మిఠాయి పెట్టె తెచ్చి వెళ్తున్నారు, సంతోషం. సభ్యత్వం కూడా తీసుకుంటే ఇంకా సంతోషం.

జమాఖర్చుల పట్టిక ఆడిటర్ గారి సంతకంతో నోటీసు బోర్డు మీద ఉంది. ఆదాయం కంటే ఖర్చు కాస్త ఎక్కువైంది, తేడాను పాత మిగులులోంచి సర్దాం. వార్షిక చందా బాకీలు చాలా ఉన్నాయి, పేర్లు చదవను, వారికి తెలుసు. 2024–25 విరాళాల విషయంలో దాతలకు ఒక్క మాట: 2,000 రూపాయలకు మించి నగదు ఇస్తే ఆదాయపు పన్ను చట్టం 80జి సెక్షన్ కింద పన్ను మినహాయింపు రాదు. చెక్కు గానీ ఆన్‌లైన్ గానీ, దాంతోపాటు పాన్ నంబరు. మే 31లోగా సంఘం దాఖలు చేసే దాతల జాబితాలో, అంటే 10బిడి ఫారంలో, మీ పేరు పెడితేనే మీకు ధ్రువపత్రం వస్తుంది. గడువు దాటాక నాకు ఫోన్ చేసి కోప్పడితే ఆదాయపు పన్ను శాఖ పోర్టల్ కరగదు.

ఇక నియమావళి సవరణలు. ఎవరూ ఒకే పదవిలో వరుసగా రెండు పర్యాయాలకు మించి ఉండకూడదన్నది మొదటిది. కార్యవర్గంలో కనీసం మూడు స్థానాలు ముప్పై ఏళ్లలోపు వారికి, అందులో ఒకటి కోశాధికారిది అన్నది రెండోది. అత్యవసర ఖర్చు గురించి పైన చెప్పాను. మొదటి సవరణ ఆమోదం పొందితే ఈ కుర్చీ నాకు ఇక ఉండదు. అందుకే దాన్ని నేనే ప్రతిపాదిస్తున్నాను, మరొకరు ప్రతిపాదిస్తే నన్ను దింపుతున్నారని ఊళ్లో చెప్పుకుంటారు. కొత్తగా వచ్చేవారు నన్ను సలహా అడిగితే చెబుతాను. అడగకపోతే పఠనాలయంలో పేపరు చదువుకుంటాను.

ఎన్నికైన కార్యవర్గం జాబితాను సమావేశం జరిగిన 15 రోజుల్లోగా సొసైటీల రిజిస్ట్రారుకు దాఖలు చేయాలి. కాబట్టి సవరణల మీద ఓటింగు ముగియగానే ఎన్నిక జరుగుతుంది. నామినేషన్ కాగితాలు హాలు వెనుక బల్ల మీద ఉన్నాయి. ప్రతిపాదించేవారు, బలపరిచేవారు ఇద్దరూ చందా కట్టినవారై ఉండాలి. బాకీ ఉన్నవారు ఇప్పుడే కట్టవచ్చు, కోశాధికారి రసీదు పుస్తకంతో అక్కడే కూర్చున్నారు.

ఇట్లు,
కార్యదర్శి