‘జీ మెన్’ 1949 నాటిది కాదు

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం అనుబంధంలో ‘జీ మెన్’ అనే అమెరికా సినిమా మీద వచ్చిన వ్యాసానికి సవరణ వేస్తారేమోనని నాలుగు రోజులు చూశాను. వేయలేదు.

అందులో దాన్ని 1949 సినిమా అన్నారు. నిజానికి అది 1935 సినిమా. మొదట్లో ఒక అధికారి కొత్త ఏజెంట్లను కూర్చోబెట్టి పాత సినిమా వేసి చూపిస్తాడు కదా, ఆ కాస్త ముక్కే 1949లో రీరిలీజు కోసం తీసి అతికించింది. ఆ తర్వాత వచ్చేదే విలియం కీలీ తీసిన అసలు బొమ్మ. తేదీ ఒక్కటే కదా అని వదిలేయడానికి లేదు. పద్నాలుగేళ్లు ముందుకు జరిపితే ఆ సినిమా ఎందుకు పుట్టిందో అర్థం కాదు. 1934 మధ్యలో హాలీవుడ్‌లో సెన్సారు నిబంధనలు బిగించారు, గ్యాంగ్‌స్టర్‌ని హీరోగా చూపడం కష్టమైంది. 1931లో ‘ది పబ్లిక్ ఎనిమీ’లో గూండాగా పేరు తెచ్చుకున్న జేమ్స్ కాగ్నీకే వార్నర్ స్టూడియో వాళ్లు ప్రభుత్వ ఏజెంటు బ్యాడ్జీ తగిలించారు. తుపాకుల మోత తగ్గలేదు, హీరో నిలబడ్డ వైపు మారింది. వ్యాసంలో దీని గురించి ఒక్క ముక్క లేదు.

సినిమాలో ప్రభుత్వ ఏజెంట్ల దగ్గర మొదట తుపాకులు లేకపోవడం కథలో లోపమట! అప్పటి చట్టమే అది. 1934 జూన్‌లో కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు, చట్టం చేసేదాకా ఆయుధం పట్టే అధికారం వాళ్లకు లేదు. 1933 జూన్ 17న కాన్సస్ సిటీ యూనియన్ రైల్వే స్టేషన్ బయట జరిగిన కాల్పుల్లో ఖైదీ ఫ్రాంక్ నాష్, నలుగురు అధికారులు చనిపోయారు. సినిమాలో స్టేషను సీను దాన్ని చూసి తీసిందే. సినిమాలోని లాడ్జి ముట్టడికి మూలం 1934 ఏప్రిల్‌లో విస్కాన్సిన్‌లో బ్యాంకు దొంగ డిలింజర్ ముఠాపై ఏజెంట్లు చేసిన దాడి. ఈ ఏజెంట్ల సంస్థకు ఎఫ్‌బీఐ అన్న పేరు కూడా సినిమా వచ్చాకే, 1935 జూలైలో వచ్చింది.

ఇక మీరు వేసిన ఫొటో. కారు చక్రం అడ్డంగా పడుకోబెట్టిన కోడిగుడ్డులా ఉంది, కాగ్నీ టోపీ అంచు భుజాల దాకా సాగింది. ఆ సినిమా ఫ్రేము ఎత్తు 1 అయితే వెడల్పు 1.37. ఇప్పటి వెడల్పు తెరకు సరిపోయేలా లాగితే మనిషి దాదాపు 30 శాతం లావెక్కుతాడు. సినిమా వేసేటప్పుడూ ఇదే తప్పు జరుగుతోంది. 1920 పిక్సెళ్ల వెడల్పు, 1080 ఎత్తు ఉన్న తెర మీద బొమ్మ వెడల్పు 1480 దగ్గర ఆగాలి, రెండు పక్కలా చెరో 220 నల్లగా వదిలేయాలి. ప్రొజెక్టర్ మెనూలో ‘ఫుల్’ తీసేసి 4:3 పెడితే ఇంచుమించు సరిపోతుంది.

ప్రభుత్వ ఆడిటోరియాల్లో లక్షలు పోసి ప్రొజెక్టర్లు కొంటారు, ఈ ఒక్క సెట్టింగు మార్చడం ఆపరేటరుకు నేర్పరు. మన నలుపు తెలుపు తెలుగు సినిమాలనూ టీవీ ఛానెళ్లు ఇలాగే సాగదీస్తున్నాయి. సావిత్రి ముఖాన్ని అలా చూడాల్సి రావడం ఎంత అన్యాయం! అడిగే నాథుడు లేడు.

వచ్చే ఆదివారం అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో సవరణ వేయండి. ఫొటో కూడా సరైన కొలతలో మళ్లీ వేయండి.

– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం